సింహాచలం బాబాయి తీసిన ఆకాశాలు

రవి ఆ ఆల్బం తెచ్చి నా ఒళ్ళో పెట్టేటప్పటికి నేనింకా మొహం కూడా కడుక్కోలేదు. విజయనగరంలో ఎక్కిన రైలు రాయగడ మీదుగా ఈసురోమంటూ వచ్చి నాలుగు గంటలు ఆలస్యంగా బిలాస్‌పూర్‌లో దింపింది. మోకాళ్ళు రెండూ పట్టేశాయి. సింహాచలం బాబాయి పోయిన పదో రోజు అది. మా నాన్నకి ఆఖరి తమ్ముడు, తోబుట్టువుల్లో మిగిలిన ఆఖరి మనిషి. ఇంక నన్నీ ఊరికి రమ్మని పిలిచేవాళ్ళెవరూ ఉండరు కదా అని దారిలో అనుకున్నాను. ఆ మాట తోచగానే దుఃఖం రావలసింది పోయి, హమ్మయ్య అనిపించింది. సిగ్గుపడ్డాను. ఏం చెయ్యను, ఈ నాలుగైదేళ్ళుగా కర్మలకీ పరామర్శలకీ తిరగడమే నా పని అయిపోయింది. బట్టల సంచి విప్పకుండానే మళ్ళీ ఇంకో కబురు వస్తోంది.

"అక్కా, నువ్వు తెలుగు టీచర్‌వి కదా. ఇది జరా చదివి పెట్టు," అన్నాడు రవి. బాబాయి కొడుకు. రైల్వే ఆఫీసులో గుమాస్తా. నలభై కూడా నిండలేదు గాని జుట్టు నాకంటే ముందే నెరిసింది. ఆల్బంలో నల్ల అట్ట కాగితాల మీద నలుపు తెలుపు ఫోటోలు, అన్నీ ఆకాశాలే. మనిషి లేడు, చెట్టు లేదు. ఒకదాంట్లో చినుకుకి ముందు కమ్ముకున్న మబ్బు, ఒకదాంట్లో ఏమీ లేని ఉత్త ఎండ, ఒకదాంట్లో దూది ఏకినట్టు చెదిరిన తెల్ల పోగులు. రవి ఒక ఫోటో ఊడదీసి వెనక్కి తిప్పి చూపించాడు. పైన ఇంగ్లీషు అక్షరాల్లో స్టేషన్ కోడు, దాని పక్కన నాలుగంకెల్లో టైము, కింద తెలుగులో రెండక్షరాలు. బాబాయి చేతిరాత నాకు తెలుసు, బియ్యం గింజలు పేర్చినట్టుంటుంది.

"ఇది నాకే వచ్చేసింది," అన్నాడు వాడు, చిన్నపిల్లాడిలా మురిసిపోతూ. "పెళ్ళి కార్డులు చూసి చూసి కొన్ని అక్షరాలు పట్టుకున్నాను. పా, ప. పాపా! అన్నిట్లో అదే ఉంది అక్కా. సైన్ చేసినట్టు. మా కోసమే రాశారు, నా కోసం, చెల్లి కోసం. జిందగీ మొత్తంలో ఆయన నాతో కూర్చుని పది నిమిషాలు మాట్లాడింది లేదు. కానీ చూడు, ప్రతి దాని వెనకా పాపా అని రాసి పెట్టుకున్నారు. నేనైతే ఏడ్చేశాను. పన్నెండో రోజుకి మంచివి ఏరి ఫ్రేములు కట్టిస్తాను. ఆ పాపా అన్న రాతని పెద్దది చేయించి కింద పెట్టిస్తాను. మిగిలినవాటిలో లంబీ లంబీ లైన్లు ఉన్నాయి, అవి నువ్వు చదవాలి."

ఫోటో దగ్గరగా పెట్టుకుని చూశాను. ముప్ఫై ఏళ్ళు పిల్లల చేత గుణింతాలు దిద్దించినదాన్ని. ఆ చివరి అక్షరానికి దీర్ఘం లేదు. వీడు హిందీ బళ్ళో చదివి, హిందీలో కలలు కనే పిల్లాడు, తండ్రిని పాపా అనే పిలిచాడు, ఆ రెండక్షరాలూ వాడికి తండ్రి పేరులాగే కనిపిస్తాయి. కాని బాబాయి రాసింది పాప. వీళ్ళెవరూ పుట్టకముందు నాలుగేళ్ళు బతికి వెళ్ళిపోయిన ఆడపిల్ల. రవికి సొంత అక్క. అలాంటి మనిషి ఒకర్తె ఉండేదని ఇంతవరకూ వాడికి ఎవరూ చెప్పలేదు, చెప్పనని నేను కూడా నా పదకొండో ఏట మా నానమ్మ చేతిలో చెయ్యి వేశాను.

"ఉండరా, టీ తాగనీ," అని లేచి వంటింట్లోకి వెళ్ళాను. పిన్ని పీట మీద కూర్చుని కందిపప్పులో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది. "నాను అంతా ఇన్నాను. సెప్పకే అమ్మా."

"నిన్ను అడగలేదా వాడు?"

"అడిగినాడు. కళ్ళు ఆనడం లేదురా అనీసినాను. ఒగ్గేయ్. ఆడికి ఆల్లనాన్న దగ్గిర ఏటి మిగిలిందనీ? ఒక ముద్దా ముచ్చటా? ఆ ఒక్క మాట తనకే రాసినాడనుకొని మురుస్తన్నాడు. అది కూడా లాగీసుకుంటావేటి?"

పిన్ని అన్నదాంట్లో అబద్ధం లేదు. అయినా లోపల్లోపల ఒళ్ళు మండింది. ఈ ఇంట్లో ఏది దాచాలన్నా ఆడపిల్లల నోళ్ళే నొక్కుతారు. ఇంకెన్నాళ్ళు మొయ్యాలి నేను? టీ గ్లాసు పట్టుకుని వెనక గుమ్మంలో కూర్చున్నాను. కూర్చున్నాక ఆ రోజులు వాటంతటవే వచ్చాయి.

అప్పుడు మావీ బాబాయివీ రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్లు. మధ్యలో నడుమెత్తు గోడ. మా నాన్న లోకో షెడ్డులో ఫిట్టరు, బాబాయి గూడ్సు గార్డు. పొద్దున షెడ్డులో భోంగా, అదే సైరను, కూసేటప్పటికి కాలనీలో ప్రతి పెరట్లోనూ బొగ్గుల పొయ్యి రాజుకునేది. ఆ పొగ వాసన మా బట్టలకీ, జడలకీ, చివరికి ఉప్మాకి కూడా పట్టి ఉండేది. తీరా సెలవులకి విజయనగరం వెళితే ఆ వాసన లేక నాకు నిద్ర పట్టేది కాదు. మా నానమ్మ గోడకి ఆ పక్క పది రోజులు, ఈ పక్క పది రోజులు. పొద్దున చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని, ఆ తరవాత చుట్ట ముట్టించి నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ గోడవారన చతికిలబడేది. గతౌరా ఊరి నుంచి కూరగాయల గంప ఎత్తుకుని వచ్చే అమ్మాయి ఛత్తీస్‌గఢీలో తను రాత్రి నానబెట్టుకు తిన్న బాసీ గురించి చెప్పేది, నానమ్మ తెలుగులో తన చద్దన్నం గురించి చెప్పేది. ఒకరి మాట ఒకరికి రాదు. గంటసేపు కబుర్లాడుకునేవారు. ఇప్పుడు నాకు మాట వచ్చినవాళ్ళతో కూడా అంతసేపు మాట్లాడే ఓపిక లేదు.

బాబాయి మహా పద్ధతి మనిషి. తెల్ల యూనిఫారానికి గంజి ఎక్కువైనా ఊరుకునేవాడు కాదు, తక్కువైనా ఊరుకునేవాడు కాదు. ఇనప లైను పెట్టెలో ఎర్ర జెండా, పచ్చ జెండా, దీపం, టిఫిను డబ్బా, కుడివైపు ఏది ఎడమవైపు ఏది అన్నది మారడానికి వీల్లేదు. గార్డు బండి వెనక పెట్టెలో కూర్చుని ఏ స్టేషనులో ఎన్నింటికి ఆగింది, ఎన్నింటికి కదిలింది పుస్తకంలో రాయాలి కదా, ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చేసింది. కాలెండరు మీద అన్నీ రాసేవాడు. బొగ్గుల బస్తా వచ్చింది, పది నలభై. అమ్మకి జ్వరం తగ్గింది, పదహారు ఇరవై. "మనం పోయినా టైమేసి పంపుతాడ్రా ఈడు," అని నానమ్మ ఎగతాళి చేసేది. రాసిపెట్టకపోతే జరగనట్టేనమ్మా అని నవ్వేవాడు. నవ్వేవాడు, అవును. రవికి ఈ మాట చెబితే నమ్మడు.

కెమెరా మాత్రం పాప కోసమే వచ్చింది. షెడ్డులో పనిచేసే ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఉద్యోగం వదిలి కుటుంబంతో వెళ్ళిపోతూ, బాబాయి మీద ఇష్టంతో ఇచ్చి వెళ్ళాడు. పెట్టె కెమెరా. పైనున్న అద్దంలోకి వంగి చూడాలి. రీలుకి పన్నెండు ఫోటోలు. పాపకి అప్పటికి మూడు దాటింది. బొద్దుగా, నల్లగా, నూనె రాసిన వంకాయలా నిగనిగలాడేది. నేను బడి నుంచి రావడం ఆలస్యం, వచ్చి చంకెక్కేది, అన్నం తినేటప్పుడు కూడా దిగేది కాదు. ఆదివారం మధ్యాహ్నం దానికి గౌను వేసి, కాటుక పెట్టి, నన్ను పట్టుకోమని పెరట్లో నిలబెట్టాడు బాబాయి. అది ఆ పెట్టె వైపు చూసింది, తండ్రి వంగిన నడుం వైపు చూసింది, తలకాయ పైకెత్తింది.

"నన్ను కాదు. అది తియ్యి," అంది ఆకాశం చూపిస్తూ.

"నిన్ను తీస్తానే అమ్మా, ఇటు సూడు."

"నన్ను కాదు! అదీ!"

కాళ్ళు తన్నుకుని ఏడుపు. సరేలే ఒకటి తీస్తే ఊరుకుంటుంది కదా అని కెమెరా పైకెత్తి మబ్బుని తీశాడు. ఊరుకుంది. మళ్ళీ కెమెరా తన వైపు తిప్పగానే మళ్ళీ ఏడుపు. అలా పన్నెండూ మబ్బులకే అయిపోయాయి. బుధవారీ బజార్లో ఫోటో స్టూడియో ఆయన రీలు కడిగి, ఒక్కటి కూడా అచ్చు వెయ్యకుండా తెచ్చి బాబాయి చేతిలో పెట్టాడట. "గార్డ్ సాబ్, పూరా ఖాలీ హై. సిర్ఫ్ ఆస్‌మాన్," ఉత్త ఆకాశమే ఉందని జాలిపడ్డాడట. అయినా అన్నీ అచ్చు వెయ్యమన్నాడు బాబాయి. ఆ కథ బాబాయి ఇంటికొచ్చి చెబుతుంటే నానమ్మ చుట్టపొగ పొలమారి దగ్గి దగ్గి నవ్వింది. పిన్నికి మాత్రం కోపం వచ్చింది. పిల్ల ఫోటో ఒక్కటైనా ఉండొద్దా అంది. వచ్చే రీలులో తీస్తాలే అన్నాడు. వచ్చే రీలు కూడా అంతే అయింది. అచ్చయి వచ్చిన ప్రతి ఆకాశాన్నీ పాప గోడకి ఆనించి వరసగా పేర్చుకుని వాటి ముందు బొమ్మల్ని కూర్చోబెట్టి ఆడుకునేది.

కట్నీ లైను మీద కోటా దాటాక బండి కొండెక్కుతుంది. అడవిలోంచి, సొరంగంలోంచి ఎక్కి ఎక్కి పెండ్రా రోడ్ చేరుతుంది. అక్కడ వానాకాలం ముందు మబ్బు ప్లాట్‌ఫారం మీదకే దిగిపోతుందని, గార్డు పెట్టెలోంచి చెయ్యి చాపితే తడి తగులుతుందని బాబాయి పాపకి చెప్పేవాడు. అది విన్న దగ్గర్నుంచి, పెండ్రాకి పైనూరని తనే పేరు పెట్టుకుని, ఒకటే పోరు. "నాకు పైనూరు మబ్బు తే." ఆ ఏడు ఎండలు మండిపోయి, జూన్ వచ్చినా బిలాస్‌పూర్‌లో ఒక్క మబ్బు తునక లేదు. పాపకి జ్వరం తగిలింది. మూడో రోజు కాస్త తగ్గినట్టే ఉంది, గంజి తాగింది. బాబాయికి పెండ్రా వైపు డ్యూటీ పడింది. వెళ్ళాలా వద్దా అని లైను పెట్టె గుమ్మంలో పెట్టుకుని నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను. పాప మంచం మీద నుంచి, "మబ్బు తే నాన్నా," అంది. తెస్తానమ్మా అని వెళ్ళాడు.

మర్నాడు పొద్దెక్కేటప్పటికి పిల్ల లేదు. కంట్రోల్ ఫోనులో పెండ్రా రోడ్ స్టేషను మాస్టరుకి కబురు చెప్పారు, ఆయన బాబాయిని కిందికొచ్చే బండి ఎక్కించాడు. అయితే ఎండలు అలాంటివి. ఉంచడానికి లేదని నానమ్మ అంది, కాలనీ మగవాళ్ళు అంతా ఔనన్నారు. మా నాన్న తువ్వాలులో చుట్టి అర్పా ఏటి ఒడ్డుకి తీసుకెళ్ళాడు. సాయంత్రం నాలుగింటికి బాబాయి వచ్చాడు. యూనిఫారం తీయలేదు, భుజాన కెమెరా. నడుమెత్తు గోడకి ఇవతల మేమందరం నిలబడి ఉన్నాం. ఆయన తిన్నగా లోపలికి వెళ్ళాడు. మంచం దగ్గరకెళ్ళి, ఖాళీ పక్క చూసి, కెమెరా దాని మీద పెట్టాడు.

అందులో పెండ్రా మబ్బు ఉంది. ఆ పొద్దున్నే, కబురు అందక ముందు తీశాడు. నెలల తరవాత ఆ రీలు కడిగించాడు. ఆ ఫోటో వెనకే నేను మొదటిసారి ఆ రాత చూశాను. స్టేషన్ కోడు, టైము, పాప. గార్డు పుస్తకంలో ఏ బండి ఎవరికి అప్పజెప్పాడో రాసినట్టు రాశాడు.

నలభై రోజులు వెళ్ళాక నానమ్మ నన్ను పిలిచి కూర్చోబెట్టుకుంది. పోయిన పిల్ల ఊసు రేపు పుట్టబోయే పిల్లల ముందర ఎత్తకూడదని, ఎత్తితే పెద్దది వచ్చి చిన్నదాన్ని చెయ్యి పట్టుకు తీసుకుపోతుందని మా వైపు వాళ్ళ నమ్మకం. "నీ నోరు గొప్ప నోరే. నా సేతిలో సెయ్యెయ్యి," అంది. వేశాను. పిన్ని దాని గౌన్లు, బొమ్మలు అన్నీ గతౌరా అమ్మాయికి ఇచ్చేసింది. ఇంట్లో దాని మాట ఎవరూ ఎత్తలేదు. బాబాయి ఒక్కడే మానలేదు. బిల్హాలో ఆగితే బిల్హా ఆకాశం, కోటాలో ఆగితే కోటా ఆకాశం. అది అడిగిన పని కదా. ఎందుకు తీస్తున్నావని నానమ్మ కూడా అడగలేదు, ఆయన చెప్పలేదు. రెండేళ్ళకి రవి పుట్టాడు, ఆ తరవాత ఒక చెల్లెలు. ఈలోగా మా నాన్నకి బదిలీ అయింది, మేం సామాను సర్దుకున్నాం. ఆపైన సెలవులకి వచ్చినప్పుడల్లా చూసేదాన్ని, బాబాయి పిల్లలకి పద్ధతులు చెప్పేవాడు, మార్కులు అడిగేవాడు, అంతే. నువ్వు పెద్దోడివిరా, పెద్దోడివి అంటూ రవిని చదువు మధ్యలో మాన్పించి ఉద్యోగంలో పెట్టాడు. వాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు.

ఇప్పుడా క్వార్టర్లు లేవు. బొగ్గు పొగ లేదు, భోంగా లేదు. రిటైరయ్యాక కట్టుకున్న ఈ ఇంటికి ఏసీ ఉంది, నాలుగు గదులున్నాయి. ఆకాశాన్ని ఫోనులో తీసి పొద్దున్నే శుభోదయమని నాకు పంపేవాళ్ళే పదిమంది ఉన్నారు, నేను చూడకుండా తీసేస్తాను. ఆ రోజులు మంచివని నేననను. ఒక చిన్నపిల్ల చచ్చిపోతే గుండె పగిలేలా ఏడవనివ్వని రోజులవి. ఇప్పుడైతే అన్నీ బయటికి చెప్పుకోవాలంటారు, వినేవాడికి తీరిక ఉండదు. రెండూ చూశాను. రెండిటికీ విసిగిపోయాను.

"అక్కా, టీ అయిందా లేదా?" అని రవి కేకేశాడు. వెళ్ళేసరికి నేల మీద ఫోటోలన్నీ పరిచాడు. ఫ్రేములకి ఏరినవి ఒక వరస. పక్కన పనికిరానివి ఒక కుప్ప. చెప్పకూడదనే నిశ్చయించుకుని వచ్చాను. పిన్ని మాట నిలబెడదాం, వాడి సంతోషం వాడిది, మనకెందుకు అనుకున్నాను. పొడుగాటి రాతలు ఉన్నవాటికి ఏదో ఒకటి కల్పించి చెప్పేస్తే తీరిపోతుంది. నాకు కావలసింది ఒక గంట నడుం వాల్చడం.

వాడు ఒక ఫోటో అటూ ఇటూ తిప్పి చూశాడు. "యే తో ఖరాబ్ హై. కింద ఏదో నల్లగా మచ్చ పడింది. దీన్ని పడేద్దాం," అని కుప్ప మీదకి విసరబోయాడు.

వాడి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అంత జోరు నాలో ఇంకా ఉందని నాకే తెలియదు. ఆ మచ్చ నాకు తెలుసు. ఆ ఆదివారం నా చంకలో పాప, ఆ కెమెరా నా మొహానికి జానెడు దూరంలో, అది అదిగో అదిగో అని చెయ్యి చాపేసరికి వేలు అద్దానికి అడ్డం వచ్చింది. స్టూడియో ఆయన ఆ అంచు కత్తిరించి ఇస్తానన్నాడు. ఉండనీ అన్నాడు బాబాయి. అప్పటికి పిల్ల బతికే ఉంది, ఎందుకు ఉండనీ అన్నాడో ఆయనకీ తెలిసి ఉండదు. ఈ లోకంలో అది ఉన్నట్టు మిగిలింది ఆ వేలి కొస ఒక్కటే.

"మచ్చ కాదురా. వేలు."

"ఎవరిది?"

"పాపది," అన్నాను. అనేశాను. వంటింట్లో పప్పు ఏరే చప్పుడు ఆగిపోయింది.

ఆ తరవాత ఇంక దాచడానికేం లేదు. దీర్ఘం ఉంటే ఏమిటో, లేకపోతే ఏమిటో నలభైకి దగ్గరపడ్డ మనిషికి చెప్పాను. కెమెరా గురించి, జ్వరం గురించి, పెండ్రా మబ్బు గురించి, నానమ్మ చేతిలో చెయ్యి వేయడం గురించి. చెబుతున్నంతసేపూ రవి ఫ్రేములకి ఏరిన ఫోటోల వంక చూస్తున్నాడు. వాడి మొహం చూడలేక నేను ఆల్బం వైపు చూశాను.

"అంటే," అన్నాడు చివరికి, "ఇందులో నాకు రాసింది ఒకటీ లేదు."

పిన్ని చెప్పింది నిజమే, లాగేసుకున్నాను. ఏదైనా ఓదార్పు దొరుకుతుందేమోనని పొడుగు రాతలున్నవాటిని ఒక్కొక్కటే తిరగేశాను. పాపా, ఇవాళ గతౌరాలో వడగళ్ళు పడ్డాయి. పాపా, నానమ్మ చుట్ట మానేసింది. పిలుపుల్లో దీర్ఘం ఉంది మరి. ఆరో ఏడో తిప్పేసరికి ఒకటి దొరికింది. స్టేషన్ కోడు బిలాస్‌పూర్‌ది, టైము పగలు పదకొండు ఐదు. చత్వారం కళ్ళజోడు సరిచేసుకుని, ఒక్క అక్షరం మార్చకుండా, బళ్ళో చదివినట్టు పైకి చదివాను.

"పాపా, నీకు తమ్ముడు పుట్టాడు. అచ్చు నీలాగే ఆవులిస్తన్నాడు. నీ సంగతి వాడికి చెప్పొద్దన్నారు. చెప్పను. నువ్వేం అనుకోకు. వాణ్ణి ఎత్తుకోడానికి నాకు భయమేస్తంది. నేను వాణ్ణి ఎత్తుకోలేదని నీకెవరైనా చెబితే, ఇష్టం లేక కాదు."

రవి నా చేతిలోంచి ఫోటో తీసుకున్నాడు. ఆ అక్షరాలు వాడికి చదవడం రాదు. అయినా పై లైను నుంచి కింద లైను దాకా వేలు పెట్టి పోనిచ్చాడు. ఆ తరవాత కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే నవ్వాడు. "తమ్ముడు," అన్నాడు. "ఇన్నాళ్ళూ పెద్దోడివి, పెద్దోడివి అని నన్ను చంపుకు తిన్నారు కదే అక్కా. నేను పెద్దోణ్ణే కాదు!"

ఫోటో ఒళ్ళో పెట్టుకున్నాడు. "పేరేంటి తనకి?" అని అడిగాడు.

చెబుదామని నోరు తెరిచాను. రాలేదు. ఆ పిల్లని చంకనేసుకుని తిరిగినదాన్ని, ఇన్నేళ్ళూ దాని మాట కడుపులో పెట్టుకుని మోశానని విసుక్కున్నదాన్ని, దాని పేరు నాకు తెలియదు. బారసాల చేశారు, బూరెలు తిన్నాను, పేరు మాత్రం ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

పిన్ని ఎప్పుడు వచ్చిందో, గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. చేతికి పప్పు పొట్టు అంటుకునే ఉంది.

"నూకరత్నం," అంది. "మీ నానమ్మ మొక్కుకొని ఎట్టిన పేరు. ఏటో మోటుగా ఉందని నాకు నచ్చలేదర్రా. బళ్ళో ఏసేటప్పుడు మంచిది ఎడదారిలే అని పాప పాప అన్నాను. నాను కన్నాను, ఒక్కసారి కూడా పేరెట్టి పిలవనేదు."